చక్రంలో నట్టు

పొద్దున్నే కోడలు అత్తగారికి జడ వేస్తోంది. అత్తగారు కుర్చీలో బుద్ధిగా కూర్చుని వీధిలోకి చూస్తోంది. దువ్వెన చిక్కు దగ్గర ఆగినప్పుడల్లా, "మెల్లగా అమ్మాయ్, మీ అమ్మ నీకు జడ వేయడం నేర్పలేదా" అంటోంది. ప్రతి చిక్కుకీ అదే మాట, అప్పుడే తోచినట్టు. కోడలు మొదటిసారి నవ్వింది. ఆ తర్వాత నవ్వడానికి ఓపిక లేక ఊరుకుంది.

పెద్దాయన గుమ్మం పక్కన స్టూలు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గిడ్డంగిలో సరుకు తూచినవాడు. మాట కూడా తూచే ఇస్తాడు, అందులోనూ తక్కువ తూకమే అని భార్య వేళాకోళం చేసేది. ఇప్పుడు ఆవిడకి ఆ వేళాకోళం గుర్తులేదు. ఒక్కోరోజు ఆయనే గుర్తుండడు. "మీరెవరింటికొచ్చారండీ" అని మర్యాదగా అడుగుతుంది.

కొడుకు తాళాలు ఆడించుకుంటూ బయటికొచ్చాడు.

"నాన్నా, టైర్ల షాపుకి వస్తారా? బండికి అల్లాయ్ చక్రాలు వేయిస్తున్నా. మా ఆఫీసులో ఒకతను పెద్ద బండి కొనుక్కుని, పాతదానివి నాకిచ్చాడు. మన బండికి సరిపోతాయి."

"ఉన్నవాటికేమైంది?"

"ఏమైందంటారా? నేను ఇళ్ళు చూపించి అమ్మేవాణ్ణి. నిన్న ఒకాయన్ని ఎక్కించుకుని వెళ్తుంటే మలుపులో బండి టకటకమని మొదలెట్టింది. నువ్వు చూపించే ఇల్లు కూడా ఇలాగే మోగుతుందా బాబూ అన్నాడాయన. ఇల్లు చూడకుండానే దిగిపోయాడు."

"ఇల్లు మోగదండీ, మా ఇంట్లో నేను మోగుతాను అని చెప్పాల్సింది" అంది కోడలు.

ముగ్గురూ నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నారు కదా అని అత్తగారు కూడా నవ్వింది. అందరికంటే ముందు పెద్దాయన నవ్వు ఆగిపోయింది. ఆయన పేపరు మడిచి చెప్పులు వేసుకున్నాడు.

టైర్ల షాపతన్ని అందరూ గాలి మేస్త్రి అంటారు. గాలి కొట్టడంలోనూ, కబుర్లు కొట్టడంలోనూ ఆయన చెయ్యి ఆగదు. బండిని జాకీ మీద లేపి, ఎడమవైపు ముందు చక్రం మీది ప్లాస్టిక్ మూత ఊడబెరికాడు. లోపల్నించి తుప్పుపట్టిన నట్టు ఒకటి ఠంగుమని నేల మీద పడి దొర్లింది.

"ఇదిగోనండీ మీ దయ్యం" అన్నాడు మేస్త్రి. "మూత వెనక చేరి సంసారం చేస్తోంది. ఎవరు పెట్టారిక్కడ?"

పెట్టింది ఎవరో పెద్దాయనకి తెలుసు.

బండి కొత్తలో ఒకసారి చక్రం పంచరైంది. ఆయన నట్లు విప్పుతుంటే, అవి దొర్లిపోకుండా ఆవిడ చక్రం మూతని పళ్ళెంలా పట్టుకుని నిలబడింది. ఒక్కొక్కటే తీసి అందించింది. ఒకటి మూత మడతలో ఇరుక్కుంది. ఇద్దరూ చూసుకోలేదు. నట్టు తక్కువ చక్రంతోనే ఇల్లు చేరారు, దారంతా టకటక. ఆయన దాని చోట కొత్త నట్టు బిగించి, పాతదాన్ని తీసేయబోతే ఆవిడ తీయనివ్వలేదు. "ఉండనీండి. మీరు మలుపు తిరగ్గానే నాకు తెలుస్తుంది. పొయ్యి వెలిగించుకుంటాను" అంది.

బండి వేగంగా పోతే ఆ నట్టు మూత అంచుకి అతుక్కుపోయి నోరెత్తదు. నెమ్మదించినప్పుడే కింద పడుతూ, లేస్తూ మోగుతుంది. అందుకే వీధి మలుపులో మొదలై గుమ్మం ముందు ఆగేది. ఆయన కళ్ళకి పొర వచ్చి బండి కొడుకు చేతికి ఇచ్చాక కూడా ఆ చప్పుడు అలాగే వచ్చేది. ఆవిడకి అన్నీ పోతున్నా అది పోలేదు. సాయంత్రం ఎక్కడున్నా లేచి, చెప్పులు వేసుకుని, గేటు దగ్గర నిలబడేది.

"అమ్మకి ఎవరు తెలియకపోయినా నేను తెలుసు నాన్నా" అనేవాడు కొడుకు. బండి దిగి తల్లి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చేటప్పుడు వాడి మొహంలో చిన్నప్పటి వెలుగు ఉండేది. పెద్దాయన ఆ వెలుగుని చూసేవాడు. అది నట్టు చప్పుడురా అని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. ఇప్పుడు, ఈ షాపులో కూడా రాలేదు.

మేస్త్రి పాత ఇనుప చక్రాల నుంచి టైర్లు విప్పి కొత్తవాటికి ఎక్కించాడు. బండి కింద తళతళమని మెరిసింది. పాత నట్లు గుడ్డసంచిలో వేసి డిక్కీలో పెట్టాడు.

"ఇవి పారేయకండి సార్. మీ స్టెప్నీ ఇనుపదే కదా. దాన్ని బిగించాల్సి వస్తే పాత నట్లే కావాలి, అల్లాయ్ నట్లు దానికి సరిగ్గా కూర్చోవు."

ఇనుప చక్రాలు తుక్కులోకి పోయాయి. పెద్దాయన వంగి ఆ ఒక్క మూతనీ, తుప్పు నట్టునీ తీసి చొక్కా కింద పెట్టుకున్నాడు.

"అదెందుకు నాన్నా?"

"ఉండనీ."

తిరిగొచ్చేటప్పుడు బండి నీళ్ళ మీద పడవలా వచ్చింది. కొడుకు అద్దంలోంచి తండ్రిని చూసి, చూపు తిప్పుకుని అన్నాడు.

"పెద్దవాళ్ళ హోము వాళ్ళు ఫోన్ చేశారు. ఒక మంచం ఖాళీ అయిందట. ఈ వారంలో చెప్పమన్నారు."

పెద్దాయన కిటికీలోంచి చూస్తున్నాడు.

"నాకిష్టమై అడుగుతున్నానా చెప్పండి? మీ కోడలు పగలంతా ఇంట్లో మిషను కుడుతూ అమ్మని చూస్తోంది. మొన్న అమ్మ స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి వదిలేసింది. కాస్తయితే ఇల్లు అంటుకునేది. దాని మొహం చూడండి ఎలా పీక్కుపోయిందో."

"నువ్వొస్తే తెలుస్తుంది ఆవిడకి" అన్నాడు పెద్దాయన.

ఆయన దగ్గర ఉన్న మాట అదొక్కటే. భార్యని ఇంట్లో ఉంచుకోవడానికి ఇంకే ఆధారమూ లేదు.

"నేనూ దాన్నే పట్టుకుని వేలాడుతున్నా నాన్నా. అది కూడా పోయిన రోజు చూద్దాం."

ఆ సాయంత్రమే ఆ రోజు వచ్చింది. కొడుకు పనికి వెళ్ళి వచ్చాడు. బండి పిల్లిలా వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. కొడుకు హారన్ కొట్టాడు. లోపలికొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ పక్కకి వంగి వాడి వెనక వీధిలోకి చూసింది.

"కాస్త తప్పుకో నాయనా. మా అబ్బాయి వచ్చే వేళైంది."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కొడుకు లోపలికొచ్చేసినా ఆవిడ చీకటి పడేదాకా గేటు పట్టుకుని నిలబడేది. లోపలికి రమ్మంటే కసిరేది. పెద్దాయన మంచం కింద పాత దుప్పటిలో చుట్టిన మూత అలాగే ఉంది. బయటపెట్టి చెప్తే, ఇన్నాళ్ళూ తల్లి గుర్తుపట్టింది నిన్ను కాదు, నట్టుని అని చెప్పినట్టే. చెప్పకపోతే ఆవిడ వెళ్ళిపోతుంది. ఆయన రెండువైపులా ఆలోచించి, అలవాటు ప్రకారం ఊరుకున్నాడు.

వారం చివర్లో భోజనాల దగ్గర కొడుకు కంచం ముందుకి తోసేశాడు.

"ఇంక చాలు. నేను రేపు వాళ్ళకి చెప్పేస్తున్నా."

"మీ అమ్మరా" అన్నాడు పెద్దాయన.

"మా అమ్మే. నేను ఎదురుగా నిలబడి అమ్మా అంటే తప్పుకో నాయనా అంటోంది. అది వినాల్సింది నేను, మీరు కాదు."

"నేనూ వింటున్నా. రోజూ."

"మరి మీరెలా తట్టుకుంటున్నారు? చెప్పండి. ఏదో ఒకటి మాట్లాడండి నాన్నా. మీరు మాట్లాడరు, ఆవిడకి మాట తెలీదు, మధ్యలో మేమే మాట్లాడుకుంటూ చావాలా?"

"మెల్లగా" అంది కోడలు. "పక్కగదిలో వింటుంది."

"విని ఏం చేస్తుంది? ఎవడో అరుస్తున్నాడు అనుకుంటుంది."

కోడలికి కోపం వచ్చింది. ఆమె కూడా చాలాకాలంగా దాచుకుంటోంది.

"మీరు సాయంత్రం వచ్చి ఒక్కమాటకే ఇంత ఏడుస్తున్నారు. నేను పగలంతా వింటున్నా. స్నానం చేయించబోతే దొంగతనానికి వచ్చావా అంటుంది. కుట్టిన జాకెట్లన్నీ విప్పి పోగులు పెడుతుంది. నాకూ నడుముంది, నాకూ నిద్ర కావాలి. హోము గురించి ముందు అడిగింది నేనే మామయ్యా, ఆయన మీద పెట్టి తప్పించుకోను. కానీ ఇలా తిట్టి పంపడానికి కాదు."

పెద్దాయన తల వంచుకున్నాడు. కంచంలో ఉన్నది అక్కడే ఎండిపోయింది. ఆ రాత్రి అందరూ పడుకున్నారు కానీ ఎవరూ నిద్రపోలేదు.

మర్నాడు సాయంకాలం దీపాలు పెట్టే వేళకి గేటు తెరిచి ఉంది.

కోడలు మిషను ఆపి చూసింది. కుర్చీ ఖాళీ. ఆవిడ చెప్పులు లేవు. స్నానాల గదిలో లేదు, మేడమీద లేదు. పెద్దాయన మందులషాపు నుంచి వచ్చేసరికి కోడలు వీధి మధ్యలో నిలబడి ఉంది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"దారం మార్చడానికి వెనక్కి తిరిగాను మామయ్యా. అంతే. దారం మార్చాను."

కొడుకు వచ్చాడు. ముగ్గురూ బండెక్కారు. వాన సన్నగా మొదలైంది. ఒక వీధి తర్వాత ఒక వీధి, వాడు వేగంగా నడుపుతూ కిటికీలోంచి అమ్మా, అమ్మా అని పిలుస్తున్నాడు. ఇస్త్రీ కొట్టతను ఆవిడ పెద్దరోడ్డు వైపు వెళ్ళడం చూశానన్నాడు. పాలకొట్టామె రోడ్డు దాటడం చూశానంది. "లారీ గట్టిగా బ్రేకేసిందమ్మా, నా గుండె ఆగిపోయింది. పెద్దామె తిరిగి కూడా చూడలేదు" అంది. రోడ్డు దాటితే గోదాములు, కలప అడితీలు, వాటి వెనక రైలు పట్టాలు. అక్కడ వీధిదీపాలు కూడా అన్నీ వెలగవు.

పోలీసు స్టేషన్లో ఫోటో తీసుకున్నారు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా అని అడిగారు. కొడుకు జవాబు చెప్పలేక తండ్రి వైపు చూశాడు.

"పలకదు" అన్నాడు పెద్దాయన.

గోదాముల సందులన్నీ ఒకసారి తిరిగారు. మళ్ళీ తిరిగారు. వాన పెరిగింది. పట్టాల మీద రైలు ఒకటి కూత పెట్టుకుంటూ పోయింది. కొడుకు దిగి టార్చి పట్టుకుని పట్టాల దాకా పరిగెత్తి వెళ్ళి, వెనక్కొచ్చి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

"నిన్న నేనన్న మాటలు వినే వెళ్ళిపోయింది."

"కాదు" అంది కోడలు. వెనకసీటులోంచి ముందుకి వంగింది. "మీరొచ్చే వేళకే వెళ్ళింది. చెప్పులేసుకుని వెళ్ళింది. మీకోసం వెతుక్కుంటూ వెళ్ళింది."

"నేను ఇంటికి రోజూ వస్తూనే ఉన్నా కదా."

"మీరొస్తున్నారు. చప్పుడు రావడం లేదు."

కొడుకు వెనక్కి తిరిగాడు. కోడలు ఒకసారి మామగారిని చూసి, భర్తతో చెప్పింది.

"బండి మలుపు తిరిగి టకటకమనగానే అత్తయ్య లేచేది. మీరింకా కనపడక ముందే. నాకు మొదట్నించీ తెలుసు. పక్కింటాయన మన బండి తీసుకెళ్ళి తెచ్చిచ్చిన రోజు కూడా అలాగే లేచి వెళ్ళింది. మీకు చెప్పలేదు. అమ్మకి నేను తెలుసు అని మీరు సంతోషపడుతుంటే, అది కూడా తీసేయడమెందుకని."

పెద్దాయన కోడలి వైపు తిరిగి చూశాడు. తను ఒక్కడే మోస్తున్నాననుకున్నది ఈ పిల్ల కూడా ఇన్నాళ్ళూ మోసింది, అదే ఇంట్లో, ఆయనకి తెలియకుండా.

"ఇంటికి పోనీ" అన్నాడు కొడుకుతో. "మూత నా దగ్గరుంది."

"నాన్నా, అమ్మ వానలో ఎక్కడుందో తెలీదు, ఇప్పుడు చక్రాలు మారుస్తామా?"

"పిలిస్తే పలకదురా. ఆ చప్పుడుకి పలుకుతుంది. పోనీ."

అన్ని మాటలు ఆయన ఒకేసారి మాట్లాడడం కొడుకు ఎప్పుడూ వినలేదు. బండి తిప్పాడు.

ఆ మూత మెరిసే చక్రానికి పట్టదు. ఇనుప చక్రానికే దాని పళ్ళు పట్టేది. ఉన్న ఇనుప చక్రం స్టెప్నీ ఒక్కటే. ఇంటి ముందు వానలో కొడుకు జాకీ లేపాడు. కోడలు గొడుగు పట్టబోయి, అది అడ్డమని పారేసి, టార్చి పట్టింది. అల్లాయ్ చక్రం ఊడదీసి గోడకి చేరేశారు. పెద్దాయన బురదలో చతికిలబడి గుడ్డసంచి విప్పాడు. చేతులు తడిసి నట్లు జారుతున్నాయి. కోడలు వంగి మూతని తిరగేసి పట్టుకుంది.

"ఇందులో వేయండి మామయ్యా. దొర్లిపోతాయి."

ఆయన చెయ్యి ఒక్కక్షణం గాలిలో ఆగింది. తర్వాత నట్లు ఆ మూతలో పోశాడు. ఒక్కొక్కటే ఆమె అందించింది, కొడుకు బిగించాడు. చివర్న తుప్పు నట్టుని మూత మడతలో పెట్టి, ఆయనే అరచేత్తో కొట్టి మూత బిగించాడు.

"మెల్లగా పోనీ" అన్నాడు. "వేగం పెరిగితే మోగదు."

పరిగెత్తి వెతకాల్సిన వేళ మనిషి నడిచేటంత నెమ్మదిగా పోవడం ఎంత కష్టమో ఆ ముగ్గురికీ ఆ రాత్రే తెలిసింది. కొడుకు కాలు తెలియకుండా నొక్కేస్తోంది. నొక్కగానే చప్పుడు ఆగిపోతోంది. పెద్దాయన వాడి మోకాలి మీద చెయ్యి వేస్తున్నాడు. మళ్ళీ టక, టక, టక. పెద్దరోడ్డు దాటారు. వెనక వచ్చే బండ్లు హారన్లు కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాయి. గోదాముల మొదటి సందు అయింది. ఎవరూ రాలేదు. రెండో సందులో కుక్క ఒకటి లేచి చూసి మళ్ళీ పడుకుంది. కలప అడితీ దాటారు. కోడలు రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. సందు చివర పట్టాలు కనిపిస్తున్నాయి. అటుపైన రోడ్డు లేదు.

"ఇంకెక్కడికి నాన్నా" అన్నాడు కొడుకు.

"తిప్పి మళ్ళీ రా."

బండి తిప్పుతుండగా దీపాల వెలుతురు సిమెంటు గొట్టాల మీద పడింది. పెద్ద గొట్టాలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కింది గొట్టంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తర్వాత ఒక కాలు. ఆ కాలు నేల మీద చెప్పు కోసం వెతుక్కుంటోంది.

కొడుకు బండి ఆపడం కూడా మర్చిపోయి తలుపు తీశాడు. పెద్దాయన హ్యాండ్‌బ్రేకు లాగాడు.

ఆవిడ తడిసి ముద్దయి, మోకాలు చెక్కుకుపోయి, జడ విడిపోయి ఉంది. ఎవరినీ చూడలేదు. తిన్నగా చక్రం దగ్గరికి వచ్చి, బురదకొట్టుకున్న మూత మీద చెయ్యి పెట్టి చూసుకుంది. అప్పుడు తలెత్తింది. వానలో ఎదురుగా నిలబడ్డవాణ్ణి తేరిపార చూసింది.

"ఇన్నాళ్ళూ బండి ఎక్కడ పెట్టావురా" అంది. "నువ్వు రాలేదని ఎన్ని వీధులు తిరిగానో. నా కాళ్ళు పడిపోయాయి."

కొడుకు ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూలబడి ఆవిడ నడుము చుట్టూ చేతులు వేశాడు. ఆవిడకి వాడి ఏడుపు అర్థం కాలేదు. తల నిమురుతూ, "తడిసిపోయావేమిట్రా వెధవా, జ్వరమొస్తుంది" అంది. కోడలు తన చున్నీ తీసి అత్తగారి తలకి చుట్టింది.

"మెల్లగా అమ్మాయ్" అందావిడ.

"మెల్లగానే అత్తయ్యా" అంది కోడలు, ఏడుస్తూ, నవ్వుతూ.

పెద్దాయన బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళూ నట్టుని గుర్తుపడుతోందని ఆయన భయపడ్డాడు. నట్టు చప్పుడు ఆవిడకి చప్పుడు కాదు, అది వాడు. ఎదురుగా ఉన్న మొహం మరుపున పడుతున్నా, రావాల్సినవాడు ఒకడున్నాడని మాత్రం ఆవిడ మర్చిపోలేదు.

మర్నాడు కొడుకు హోముకి ఫోన్ చేసి, ఇప్పుడు కాదు అని చెప్పాడు. ఎప్పటికీ కాదు అని అనలేదు. అలా అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. పొద్దుటిపూట తల్లి స్నానం, జడ తన పని అన్నాడు. మొదటిరోజు వేసిన జడ చూసి కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. మధ్యాహ్నాలు పెద్దాయనవి. ఆ వేళ కోడలు తలుపేసుకుని పడుకుంటుంది. ఎవరు పిలిచినా లేపకూడదని ఆయన గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కూర్చుంటాడు. గేటుకి ఆవిడ చెయ్యి అందని చోట గొళ్ళెం వచ్చింది.

గాలి మేస్త్రి బండి చూసి బుర్ర గోక్కున్నాడు.

"మూడు మెరిసేవి, ఒకటి ఇనుపది. ఇదేం ఫ్యాషనండీ? జనం నవ్వుతారు."

"నవ్వనీ" అన్నాడు కొడుకు. "ఆ ఇనుపదానికి మాత్రం మంచి టైరు వేసి, నట్లు గట్టిగా బిగించు. మూతలో ఉన్నదాన్ని ముట్టుకోకు."

ఆవిడ మంచిరోజులు తక్కువ, చెడ్డరోజులు ఎక్కువ అవుతున్నాయి. డాక్టరు దాచకుండా చెప్పాడు. ఏదో ఒక సాయంత్రం ఆ చప్పుడు కూడా ఆవిడకి ఉత్త చప్పుడు అయిపోతుంది. అది పెద్దాయనకి తెలుసు. అందుకే సాయంకాలమయ్యేసరికి పేపరు మడిచి, ఆవిడ కుర్చీ పక్కన కూర్చుని, వీధి మలుపు వైపు చెవి పెడతాడు.

ఇవాళ కూడా అలాగే కూర్చున్నాడు. మిషను చప్పుడు ఆగింది, కోడలూ వింటోంది. మలుపులో ఒక బండి నెమ్మదించింది.

టక. టక. టక.

ఆవిడ కాలు నేల మీద చెప్పుల కోసం తడుముకుంది. పెద్దాయన వంగి, వాటిని ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిపాడు.